మూడు కాళ్ళతో పోయిన పులి

నా రెండు బొటనవేళ్ళకూ ముద్రలు లేవు. రేషన్ షాపు మిషన్ మీద వేలు పెడితే అది నన్ను మనిషిగా గుర్తించదు. ఇరవై రెండేళ్ళు మార్కాపురంలో పలకలకు చట్రాలు బిగించిన వేళ్ళు ఇవి. రాతి అంచు గీతలన్నీ అరగదీసింది, వాటితో పాటు స్పర్శ కూడా కొంత పట్టుకుపోయింది. టీ గ్లాసు పట్టుకుంటే గ్లాసని తెలుస్తుంది గానీ వేడని తెలియదు. రేషన్ డీలరుకు మాత్రం, వయసులో ఉన్నప్పుడు ఒక బంగారు కొట్టు దొంగతనంలో దొరక్కుండా యాసిడ్‌తో కడుక్కున్నానని చెప్పాను. ఆ నెల బియ్యం తూకం సరిగ్గా వచ్చింది.

ఇట్లాంటివి చెప్పడం నాకు మొదటినుంచీ అలవాటు. మా అవ్వ కంభం చెరువును గుమ్మడికాయ మీద కూర్చుని దాటిందని చెప్పాను. నేను పెట్టెలో సర్దిన పలక ఒకటి ఓడెక్కి ఏదో దేశం పోయి, అక్కడి పిల్ల దాని మీద ‘బాగున్నావా’ అని రాసి తిరిగి పంపిందని చెప్పాను. తెలుగు ఎట్ల వచ్చిందే ఆ పిల్లకు అని అడిగితే, పలకలోనే ఉంటుంది గదా అన్నాను. వినేవాళ్ళకు అది అబద్ధమని తెలుసు. వాళ్ళకు తెలుసని నాకూ తెలుసు. షెడ్డులో ముప్పైమంది ఆడవాళ్ళం వరసగా కూర్చుని మేకులు కొడుతుంటే, పొద్దు జరగడానికి ఎవరో ఒకరు ఈ పని చెయ్యాలి. నేను చేశాను.

ముప్పైమంది పన్నెండుమంది అయ్యారు, తర్వాత నలుగురు. బడి పిల్లలకు పలకలతో అవసరం తగ్గిపోయింది. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. యజమాని కుటుంబంతో హైదరాబాదు మారిపోతూ షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టాడు. ఎప్పుడో ఒక ఆర్డరు వస్తే పెట్టె కట్టి లారీకి వెయ్యాలి. మిగతా రోజులు గేటు తీసి కూర్చోవాలి, సాయంత్రం గేటు వేసి ఇంటికి పోవాలి. మా ఆయన ఆటో నడుపుతాడు. ఇంటికొచ్చాక ఏం చేసినావు ఇయ్యాళ అని అడిగేవాడు. కూర్చున్నా అనేదాన్ని. కొన్నాళ్ళకు అడగడం మానేశాడు.

బాధపడ్డానని చెప్పలేను. షెడ్డులో ప్రతి వస్తువు మీదా రాతిపొడి సన్నగా పేరుకుని ఉండేది. తుడిస్తే పోయేది, మర్నాటికి మళ్ళీ ఉండేది. పని ఆగిపోయాక కూడా ఆ పొడి ఎక్కడినుంచి వచ్చేదో నాకు అర్థం కాలేదు. నా లోపల కూడా అట్లాంటిదే ఏదో ఉందని అనుకుని ఊరుకున్నాను.

మా పలకల పనిలో ఒక పద్ధతి ఉంది. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. చట్రం వేసేదాకా పలక ఉత్త రాయి. దాని మీద నడుస్తాం, కూర్చుంటాం, పచ్చడి గిన్నె పెడతాం. నాలుగు కర్రముక్కలు బిగించి మేకు కొట్టిన నిమిషం నుంచి అది సరస్వతి. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. దాని మీద బూతు రాయకూడదు, అబద్ధం రాయకూడదు. ఎవరి డబ్బాలోనైనా చేపముక్క మాయమైతే, అనుమానం ఉన్న మనిషి ముందు చట్రం వేసిన పలక పెట్టి ‘నేను తినలేదు’ అని రాయమనేవాళ్ళు. తిన్న మనిషి బలపం ముట్టేది కాదు. ఇన్ని కథలు చెప్పిన నేను కూడా ఒకసారి ఆ బలపం పక్కన పెట్టి, తిన్నాను, ఉప్పు తక్కువైంది అని ఒప్పుకున్నాను.

కుక్క వచ్చింది అప్పుడే. యజమాని అల్లుడు హైదరాబాదు అపార్ట్‌మెంటులో పెంచుకున్న రాట్‌వీలర్. చిన్నప్పుడు సోఫాలో పట్టింది, పెద్దదయ్యాక లిఫ్టులో కూడా పట్టలేదు. దాన్ని చూసి మిగతావాళ్ళు మెట్లెక్కడం మొదలుపెట్టారట. కారులో తెచ్చి షెడ్డులో దింపి, ఒక మేత సంచి, ఒక గొలుసు ఇచ్చి పోయారు. నలుపు ఒళ్ళు, బుగ్గల మీద, కాళ్ళ మీద ఇటుక రంగు. నా తలకాయ కంటే పెద్ద తలకాయ. తోక లేదు. కొనేనాటికే కోసేసి ఉందట, ఆ జాతికి అట్లా కొయ్యడం ఒక షోకట. ఇంగ్లీషు పేరేదో చెప్పారు, నాకు నోరు తిరగలేదు. ‘దా నాయనా’ అంటే వచ్చేది. మా వైపు నాయన అంటే తండ్రి. ముద్దొస్తే ఎవరినైనా అంటాం.

దాని గురించి నిజం చెప్పాలంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పడుకునేది. ప్రెషర్ కుక్కరు విజిలేస్తే, అది టీ కొట్టు వాళ్ళ ఇంట్లోదైనా సరే, బల్ల కిందికి దూరేది. కోళ్ళంటే భయం. నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని గోడవైపు చూసేది, అడుక్కుంటున్నట్టు కనపడకూడదని. గొలుసు మూడో రోజే తీసేశాను. ఆ బరువు తల నా మోకాలి మీద పెడితే, అరిగిపోయిన వేళ్ళతో దాని చెవి పట్టుకునేదాన్ని. మెత్తగా ఉందో గరుగ్గా ఉందో తెలిసేది కాదు. చెవి ఉందని తెలిసేది.

వీధిలో వాళ్ళకు మాత్రం అది మనిషిని తినే జంతువు. గేటు ముందునుంచి పోయే ఆడవాళ్ళు పిల్లల్ని రెండో పక్కకు మార్చుకునేవాళ్ళు.

“ఏంది మరదలా, యముణ్ణి పెట్టుకుని కూచున్నావు” అనేవాడు మా బావ. బావ అంటే వరస కలుపుకున్న బావ. మా ఫ్యాక్టరీలోనే రాయి చీల్చే పని ముప్పైయేళ్ళు చేశాడు. ఒక్క ఉలి దెబ్బతో పొర లేపడంలో ఆయన తర్వాతే ఎవరైనా. పని పోయాక మేకలు పెట్టుకున్నాడు. షెడ్డు వెనక ప్రహరీకి ఆనుకుని ఆయన మేకల దొడ్డి.

“యముడు గాదు బావా. యముడైతే నిన్ను ఎప్పుడో తీసుకపోయేవాడు.”

“నాకు ఫోన్లో చూపించినారులే. ఈ జాతే గదా, పెంచినోళ్ళనే పీక్కతినేది.”

“వీధికుక్కలు నిన్ను రెండుసార్లు కరిచినాయి. సూదులేయించుకున్నావు. వాటిని ఏమన్నా అంటివా?”

“అవి మనూరివి గదా” అన్నాడు.



కవితలు రాయడం ఆ కుక్క కంటే ముందు మొదలైంది. విరిగిన పలకముక్క ఒళ్ళో పెట్టుకుని, బలపంతో నాలుగు లైన్లు రాసి, ఫోన్‌తో ఫోటో తీసి నా పేజీలో పెట్టి, తడిగుడ్డతో తుడిచేసేదాన్ని. కాగితం ఖర్చు లేదు, దాచుకునే పని లేదు. ఎండ మీద, ఖాళీ పెట్టెల మీద, రాయని పలకల మీద రాశాను. తొమ్మిదిమందో పదిమందో చూసేవాళ్ళు. అందులో ఇద్దరు ప్రతి కవిత కింద శుభోదయం అని పెట్టేవాళ్ళు, సాయంత్రం పెట్టినా సరే.

కుక్క వచ్చాక దాని మీద రాయడం మొదలుపెట్టాను. మొదటిది ఇది:

తలుపు దగ్గర పడుకుంది
కోడిపిల్ల వీపెక్కింది
లేవాలా వద్దా అని
గంటనుంచీ ఆలోచిస్తోంది

ఫోటో కూడా పెట్టాను. కింద వచ్చిన మాటలు వేరుగా ఉన్నాయి. ‘అక్కా జాగ్రత్త, ఇది దెయ్యం జాతి.’ ‘ఇట్లాంటి వాటిని దేశంలో ఉండనియ్యకూడదు.’ ‘ఆ కోడిపిల్ల ఇప్పుడు ఉందా?’ నేను ఊరుకోలేదు. ఈ జాతి వాళ్ళ దేశంలో పశువుల్ని తోలేదట, మాంసం కొట్లవాళ్ళ తోపుడు బండ్లు లాగేదట, ఆ సంగతులన్నీ చదివి రాశాను. గొలుసుకు కట్టి, కొట్టి, పస్తు పెడితే మా మేనత్త కూడా కరుస్తుందని రాశాను. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబిచ్చాను. కోడిపిల్ల ఉందని, దానికిప్పుడు జ్వరం తగ్గిందని కూడా రాశాను. ఎవరూ మనసు మార్చుకోలేదు. మెత్తదనం మీద ఇంకో ఆరు కవితలు రాశాను. ఆరింటినీ ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు ఒక మధ్యాహ్నం నాకు విసుగొచ్చింది. మెత్తగా ఉందంటే నమ్మరు. సరే, గట్టిగా ఉందనే చెబుదాం, కానీ మన పక్షాన గట్టిగా ఉందని చెబుదాం అనుకున్నాను. ఊరిని కాచే కుక్కని ఊరు చెడ్డదనదు గదా అని నా లెక్క. విరిగిన ముక్క ఫోటోలో బాగుండదని, అలమారలోంచి చట్రం వేసిన కొత్త పలక ఒకటి తీశాను. తీసేటప్పుడు పద్ధతి గుర్తొచ్చింది. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. ముప్పైమంది కూర్చునే షెడ్డులో అప్పుడు నేనూ కుక్కా ఉన్నాం. కుక్క నిద్రపోతోంది.

గుట్ట దిగి వచ్చింది చుక్కల చిరుత
మా గేటు దగ్గర ఆగింది
నల్లనివాడు లేచాడు
పొద్దున రాతిపొడిలో అడుగుల గుర్తులు
వచ్చినవి నాలుగు కాళ్ళవి
పోయినవి మూడు కాళ్ళవి

పక్కనే కుక్కని నిలబెట్టి, వెలుతురు పక్కనుంచి పడేట్టు ఫోటో తీశాను. ఆవలిస్తుంటే పళ్ళు కనపడ్డాయి. సాయంత్రానికి నా ఫోన్ వేడెక్కింది, ఆ సంగతి మా ఆయన చెబితే తెలిసింది. ఎవరెవరో పంచుకున్నారు. గిద్దలూరు నుంచి, పామూరు నుంచి, నేను పేరు వినని ఊళ్ళనుంచి మనుషులు నమస్కారాలు పెట్టారు. శభాష్ నల్లోడా అన్నారు. ముందు దెయ్యం జాతి అన్న ఆయనే వచ్చి, జాతి అంటే ఇదీ అన్నాడు. హనుమంతునిపాడు వైపు బత్తాయి తోట ఉన్న ఒకాయన, కుక్క అమ్ముతారా అమ్మా అని అడిగాడు. పులినిస్తే ఇస్తానని జవాబు పెట్టాను.

వీధిలో కూడా పేరొచ్చింది. పదిరోజులపాటు గేటు ముందునుంచి పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు. బావ కూడా వచ్చి నిలబడి, చాలాసేపు చూసి, “ఏ కాలు మరదలా?” అని అడిగాడు.

“ముందరి ఎడమది” అన్నాను.

ఆయన తల ఊపాడు. అది ఆటలో భాగమని నేననుకున్నాను. ఇన్నేళ్ళుగా నా మాటలు వింటున్న మనిషి గదా.

తర్వాతి నెలలో ఒక తెల్లవారి నేను గేటు తాళం తీస్తుంటే, వెనకనుంచి బావ గొంతు వినపడింది. అరవడం లేదు, ఎవరితోనో లెక్క చెబుతున్నట్టుంది. పోయి చూస్తే దొడ్డిలో మూడు మేకలు పడి ఉన్నాయి. ఒకటి చూలుది. బావ వాటి మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు. మా ప్రహరీ గోడ వైపు చూశాడు. ఆ గోడకు ఒక మూల రాళ్ళు పడిపోయి కంత ఉంది. మనిషి దూరొచ్చు. ఆ సంగతి అందరికీ తెలుసు.

షెడ్డులోకి వచ్చి చూస్తే కుక్క తన గోనెపట్టా మీద పడుకుని ఉంది. నోరు తెరిచి చూశాను. పళ్ళ మధ్య రాత్రి పెట్టిన అన్నం మెతుకు ఉంది. నెత్తురు లేదు, వెంట్రుక లేదు. నేను చూశాను గానీ నేను చూశానని ఎవరు చూశారు?

ఆ పొద్దున్నే నల్లమల నుంచి తేనె తెచ్చే ఆమె వచ్చింది. అడవి అంచు గూడెం మనిషి. వారానికొకసారి తేనె, కుంకుడుకాయలు తెచ్చి బజారులో అమ్మి, పోతూ పోతూ మా గేటు దగ్గర నీళ్ళు తాగుతుంది. మా కుక్కకి భయపడని ఒకే ఒక్క మనిషి ఆమె. మొదటిరోజే దాని మూతి రెండు చేతుల్తో పట్టుకుని, లోపలికి చూసి, “ఇది సోమరిది” అని తేల్చేసింది. ఆరోజు ఆమె దొడ్డిలోకి పోయి, చచ్చిన మేక మెడ తిప్పి చూసింది.

“ఈడ సూడు. మెడకాడ పట్టింది, రెండు బొక్కలు. వెనకాల ముట్టల్యా. కుక్కలైతే వెనకనుంచి పీకుతాయి, కడుపు చించుతాయి. ఇది అది దిగినాది.”

“అది అంటే?”

“అదే. సుక్కలది” అంది. పేరు ఎత్తలేదు. వాళ్ళు ఎత్తరు.

“ఆ మాట మా బావకు చెప్తావా?”

“నన్ను అడగల్యా గదా” అంది. ఆమె బస్సు టైమయింది. పోయింది. ఆమెకు ఫోన్ లేదు, మళ్ళీ వారం దాకా రాదు.

మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర బెంచీలు వేశారు. బావ, మా వార్డు పెద్దమనిషి, ఇంకో అయిదారుగురు. నన్ను పిలిచారు. పెద్దమనిషి నాకు మామ వరస. మంచి మనిషే, ఎవరి మీదా గొంతు లేపడు.

“నువ్వే చెప్పు కోడలా. ఏం చేద్దాం?”

“మామా, కుక్క చెయ్యల్యా. గోనె మీద పండుకోనుంది.”

“నువ్వు రాత్రి యాడ ఉంటివి?”

“ఇంట్లో.”

“మరి పండుకోనుందని నీకెట్ల తెలుసు?”

బావ జేబులోంచి ఫోన్ తీశాడు. ఆయనది పాత ఫోన్, అద్దం పగిలి ఉంటుంది. నా పలక ఫోటో అందులో దాచుకుని ఉన్నాడు. నెల రోజులుగా తన ఫోన్లో పెట్టుకుని తిరిగాడన్నమాట. ఆ ఆరు లైన్లూ కూడబలుక్కుంటూ చదివాడు. అందరూ విన్నారు. నేను కూడా విన్నాను. బాగానే రాశాననిపించింది, ఆ నిమిషంలో కూడా.

“పులి కాలు తినిన దానికి నా మేక ఒక లెక్కనా అమ్మా?” అన్నాడు.

ఇరవయ్యేళ్ళుగా మరదలా అన్నవాడు అమ్మా అన్నాడు.

“అది అబద్ధం బావా. పులి రాల్యా. కుక్క లేవల్యా. నేను ఉత్తగ రాసినా.”

“ఉత్తగ రాసినావా?”

“నా సంగతి తెలుసు గదా నీకు. గుమ్మడికాయ మీద చెరువు దాటడం అది.”

“గుమ్మడికాయ నోటితో చెప్పినావు. ఇది చట్రం ఉన్న పలక మీద రాసినావు.” ఫోన్ నా వైపు తిప్పాడు. వేలు కర్ర అంచు మీద పెట్టాడు. “ఇదో, చట్రం. మేకు గూడా కనపడతాంది. చేపముక్కకు రాయనిదానివి, దీనికెట్ల రాస్తావు?”

“ఫోటోలో బాగుంటాదని.”

ఎవరూ నవ్వలేదు. బెంచీ మీద ఉన్నవాళ్ళలో సగంమంది పలకల పని చేసినవాళ్ళే. నేను ఏం చేశానో వాళ్ళకు అర్థమైంది. రాసింది నిజమైతే కుక్క దోషి. అబద్ధమైతే నేను దోషిని, నా మాటకు ఇక విలువ లేదు, కాబట్టి కుక్క మళ్ళీ దోషే.

అయినా ఆఖరి ప్రయత్నం చేశాను. తేనె తెచ్చే ఆమె చూసిన సంగతి చెప్పాను. మెడ దగ్గర రెండు రంధ్రాలని, కడుపు ముట్టలేదని, ఇది చిరుత పనని చెప్పాను. నా జీవితంలో అంత శ్రద్ధగా, అంత తక్కువ మాటల్లో ఏదీ చెప్పలేదు.

“ఇంకో పులా?” అన్నాడు ఎవరో.

“దీనికి ఎన్ని కాళ్ళున్నాయి?” అన్నాడు ఇంకొకడు. అప్పుడు నవ్వారు. పెద్దమనిషి కూడా నవ్వాపుకోలేకపోయాడు. బావ నవ్వలేదు.

ఆదివారం లోపల కుక్క ఊళ్ళో ఉండకూడదని తేల్చారు. లేకపోతే అన్నంలో మందు కలుపుతానని బావ చెప్పాడు. కోపంగా చెప్పలేదు. ఫలానా బస్సుకు పోతానని చెప్పినట్టు చెప్పాడు. అందుకే నమ్మాను. యజమానికి ఫోన్ చేస్తే, ఏదో ఒకటి చెయ్, నాకు తలనొప్పి తేవద్దు అన్నాడు. అల్లుడు ఫోన్ ఎత్తలేదు. ఇంటికి తీసుకుపోదామంటే మాది ఆ వీధే, ఆ మేకలకు నాలుగు ఇళ్ళ అవతల.

మూడు రోజులు నేను కుక్క పక్కన కూర్చున్నాను. ఏడుపొస్తుందని చూశాను, రాలేదు. అన్నం నేనే పెట్టాను, ముందు ఒక ముద్ద నేను తిని. అది గోడవైపు చూస్తూ ఎదురుచూసింది.

శనివారం పొద్దున బత్తాయి తోట ఆయన డ్రైవరుతో జీపులో వచ్చాడు. నేనే రమ్మని మెసేజ్ పెట్టాను, పులి అవసరం లేదని, ఊరికే ఇస్తానని. తెల్లచొక్కా, మర్యాదగా ఉన్నాడు. కుక్క చుట్టూ తిరిగి చూశాడు. అది అతని చెప్పులు వాసన చూసి కూర్చుంది.

“తోటలో పందులు దిగి డ్రిప్పు పైపులన్నీ కొరికేస్తాండాయి అమ్మా. కాపలాకు మనిషి ఉన్నాడు గానీ ఆయనకే పందులంటే భయం. మీ పోస్టు చూసినకాడనుంచి ఇదే మనసులో ఉంది. ఒక్కమాట అడుగుతా, ఏమనుకోవద్దు. పులిని పట్టింది నిజమేనా?”

ఆ పలక ఇంకా అలమారలోనే ఉంది, నేను తుడవలేదు. నిజం చెబితే అతను ఉత్త జీపుతో పోతాడు. రేపు ఆదివారం.

“నిజమే సారూ. కాలు చూపించమంటే చూపించల్యాను. తినేసింది.”

అతను గట్టిగా నవ్వాడు, నమ్మినవాళ్ళు నవ్వే నవ్వు. చెప్పేటప్పుడు నా చెయ్యి అలమారలో పలక చట్రం మీద ఉందని తర్వాత చూసుకున్నాను. ఎప్పుడు పెట్టానో తెలియదు. వేళ్ళకు ఏమీ తెలియలేదు.

కుక్క జీపెక్కడానికి ఇబ్బంది పెట్టలేదు. వెనక ఎక్కించబోతే ముందు సీట్లోకి పోయి కూర్చుంది, హైదరాబాదు కారు అలవాటు. తోట ఆయన వెనక కూర్చున్నాడు. అద్దంలోంచి అది రోడ్డునే చూసింది. జీపు కంభం రోడ్డు తిరిగాక నేను గేటు వేసి, గోనెపట్టా దులిపి ఆరేశాను.

రెండు వారాలకు బావ దొడ్డిలో మరో రెండు మేకలు పోయాయి. మెడ దగ్గర. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. తేనె తెచ్చే ఆమె చెప్పింది. ఈసారి ఆమెను పిలిచి అడిగారట. బావ దొడ్డికి ముళ్ళకంప మూడు వరసలు కట్టి, పైన ఇనుప జాలీ వేశాడు. తర్వాత ఒకరోజు టీ కొట్టు దగ్గర ఎదురుపడ్డాం. ఆయన గ్లాసు వైపు చూస్తూ నిలబడ్డాడు.

“టీ తాగినావా మరదలా?” అన్నాడు.

“తాగినా బావా.”

అంతే. ఇంకేమన్నా అంటాడేమోనని కాసేపు ఆగాను. ఆయన కూడా నేను అంటానేమోనని ఆగాడనుకుంటా.

నెల తర్వాత తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

“అక్కా, నేను బత్తాయి తోటకాడ కాపలా ఉంటాండ. మీ కుక్క సంగతి.”

“ఏమైంది?”

“ఏం కాల్యా. అదే ఇబ్బంది.”

పందులు వచ్చాయట. కుక్క ఇతని భార్య మంచం కిందికి దూరిందట. మంచం సరిపోక, మంచంతో సహా లేచి నిలబడిందట. తోట ఆయన ప్రతి ఆదివారం వచ్చి, ఏం చేసింది నా పులిగాడు అని అడుగుతాడు. ఉత్తదని తెలిస్తే ఎవరికైనా ఇచ్చేస్తాడు, లేదా కట్టేసి కొట్టి నేర్పిస్తాడు. ఇతని భార్యకు ఆ కుక్కంటే ఇష్టమైపోయింది. దానికి జొన్నరొట్టె అలవాటు చేసింది.

“మీరు రాస్తారంట గదక్కా. సారుకు ఏం చెప్పమంటారు?”

నేను కాసేపు ఆలోచించాను. చాలా రోజుల తర్వాత ఆలోచించాను.

“పందులు ఏడు వచ్చినాయని చెప్పు. పది అనద్దు, పది అంటే నమ్మరు. ఆరింటిని వాగు దాకా తరిమింది, ఏడోది మాత్రం కుంటిదని వదిలేసిందని చెప్పు.”

“కుంటిది ఎందుకక్కా?”

“అక్కరలేని ముక్క ఒకటి ఉండాల. అది ఉంటేనే మిగతాది నమ్ముతారు.”

ఆదివారం సాయంత్రం మళ్ళీ చేశాడు. సారు కుంటి పంది దగ్గర కళ్ళు తుడుచుకున్నాడట. అప్పటినుంచి ప్రతి శనివారం ఫోన్ వస్తుంది. నేను చెబుతాను, అతను రెండుసార్లు అప్పజెప్పి పెట్టేస్తాడు. పందుల మీదయ్యాక ముళ్ళపంది మీద చెప్పాను, పైపులు ఎత్తుకుపోయే దొంగల మీద చెప్పాను. నా పేజీలో ఏమీ పెట్టడం లేదు. అక్క ఎక్కడ అని ఇద్దరు అడిగారు. శుభోదయం పెట్టేవాళ్ళే. చట్రం పలక మీద ఆ ఆరు లైన్లు ఇంకా ఉన్నాయి. గుడ్డ తడిపాను ఒకటి రెండుసార్లు. తుడిస్తే ఆ కుక్క అక్కడ నిలబడి ఉన్న నేల లాగేసినట్టవుతుందని వదిలేశాను. ఇది మూఢనమ్మకమే, ఒప్పుకుంటాను.

పోయిన శనివారం కథ చెప్పడం అయిపోయాక అతను పెట్టెయ్యలేదు.

“ఒకటి అడగనా అక్కా. ఆ పులి నిజంగా వచ్చినాదా?”

“వచ్చినాది. నేను రాసిన నెలకు వచ్చినాది.”

“మరి మనోడు ఏం చేసినాడు?”

“నిద్రపోయినాడు.”

అతను పగలబడి నవ్వాడు. ఇదే అన్నిటికంటే బాగుందక్కా, కానీ సారుకు చెప్పేది కాదు అన్నాడు. తర్వాత, మనోడు ఈడనే ఉన్నాడు, ఒకసారి పిలువక్కా అని ఫోన్ దాని చెవి దగ్గర పెట్టాడు.

“దా నాయనా” అన్నాను.

అవతల ఏ చప్పుడూ లేదు. గాలి, ఎక్కడో మోటారు. కాసేపటికి అతని గొంతు వచ్చింది.

“గుర్తుపట్టినాడక్కా. తోక ఊపుతాండాడు.”

దానికి తోక లేదు. అతను రోజూ చూస్తున్నాడు, అతనికీ తెలుసు.

“ఊపనీలే” అని ఫోన్ పెట్టేశాను.